వెనక గదిలో ఒకటే మిషను

"మళ్ళీ రేపా?"

కండక్టరమ్మ అరుపుకి ఆస్పత్రి వెనక గోడ మీది పిట్టలు ఎగిరిపోయాయి.

కిటికీ అద్దం అవతల సిస్టర్ మాస్కు సర్దుకుంది. "నన్నేం చెయ్యమంటారమ్మా? అంటుజ్వరం ఉన్నవాళ్ళకి ముందు హాల్లో డయాలసిస్ చెయ్యకూడదు. వాళ్ళకోసం వెనక గదిలో ఉన్నది ఒకటే మిషను. ఈ పూట అది ఖాళీ లేదు."

"మొన్నేమో రిపోర్టు రాలేదని పొమ్మన్నారు. ఇవాళ రిపోర్టు పట్టుకొచ్చాను. ముందు గుమ్మానికెళ్తే వెనక్కి పొమ్మన్నారు. వెనక్కొస్తే రేపు రమ్మంటున్నారు. రేపొస్తే గోడ దూకి రమ్మంటారా?"

కిటికీ మూసుకుంది.

ఆమె నోటికి జడిసి ఆ రూట్లో టిక్కెట్ లేనివాడు బస్సెక్కడమే మానేశాడు. అంత నోరూ ఈ కిటికీ దగ్గర ఎందుకూ కొరగాలేదు.

మెట్టు మీద తమ్ముడు గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. కిడ్నీలు రెండూ మొండికేసిన మనిషి. కిందటి వంతు తప్పిపోయి, రక్తం శుద్ధి కాక, పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు.

"పోదాం పదక్కా. రేపొద్దాంలే."

"రేపటిదాకా నువ్వుండొద్దురా!"

అనేసి నాలిక కరుచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసుకుని మరింత కోపం వచ్చింది.

అంతలో గేటు పక్క బెంచీ మీంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. మాస్కు పైన కళ్ళు తప్ప ముఖం కనబడటం లేదు. సరాసరి తమ్ముడి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

"పడుకుంటే ఆయాసం వస్తోందా బాబూ?"

"కూర్చున్నా వస్తోందండీ."

"ఏమయ్యా, దూరం! అంటుజ్వరం వాడికి!" కండక్టరమ్మ కేక పెట్టింది.

"నాకింక కొత్తగా అంటేదేముంది లెండమ్మా."

"ఆహా, పెద్ద మొనగాడు!"

ఆమె రెండడుగులు ముందుకేసింది. పెద్దాయన గబుక్కున లేచి వెనక్కి జరిగాడు.

"మీరు మాత్రం దగ్గరికి రాకండమ్మా. అక్కడే ఉండండి."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. జబ్బు మనిషి పక్కన భేషుగ్గా కూర్చుంటాడు, నిక్షేపంగా ఉన్న తనని చూసి పారిపోతాడు. ఏం మనిషి వీడు?

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడ పనిచేస్తావా?"

"లేదమ్మా. వస్తూ పోతూ ఉంటాను."

"ఓహో, సిఫారసుల బాపతా! ఆ మిషను ఎవరికోసం పట్టి ఉంచావేమిటి? కర్చీఫ్ వేసి సీటు పట్టేవాళ్ళని నేను రోజూ చూస్తాను. ఒంట్లో బాగాలేనివాళ్ళ అవస్థ నీలాంటివాళ్ళకేం తెలుస్తుంది?"

పెద్దాయన తమ్ముడి పాదాల వంక ఒకసారి చూశాడు. వెళ్ళి కిటికీ అద్దం మీద తట్టాడు.

ఆమె గొంతు చించుకున్నా తెరుచుకోని కిటికీ ఆయనకి ఇట్టే తెరుచుకుంది!

లోపలికి వంగి ఏదో చెప్పాడు. సిస్టర్ కాదన్నట్టు తల తిప్పింది. ఆయన మళ్ళీ చెప్పాడు. సిస్టర్ ఎవరికో ఫోన్ చేసి, ఆ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన ఊఁ కొడుతూనే మళ్ళీ తన మాటే చెప్పాడు.

"చూశావురా గుసగుసలు!" పళ్ళు నూరింది కండక్టరమ్మ.

పెద్దాయన వెనక్కి వచ్చాడు. మళ్ళీ ఆమెకి అంత దూరంలోనే ఆగాడు.

"మీవాణ్ణి లేవదియ్యండమ్మా. పిలుస్తారు."

"చూశావా తమ్ముడూ? నేను ఒంటికాలి మీద లేస్తే గానీ దారికి రాలేదు!"

పెద్దాయన బెంచీ మీది తన సంచీ తీసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర ఊచ పట్టుకుని కాసేపు ఆగాడు. తర్వాత తూలుతూ రోడ్డు మీదికి నడిచాడు.

"తాగొచ్చాడు కాబోలు. ఆ నడక చూడు!"

తమ్ముణ్ణి వెనక గదిలో పడుకోబెట్టారు. కండక్టరమ్మకి గౌను తొడిగి గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. మిషను తిరగడం మొదలైంది. చాలాసేపటికి తమ్ముడి ఆయాసం తగ్గింది. ఇన్నాళ్ళకి కాస్త కన్ను మూత పడింది.

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతో పాటు కోపమూ లేచొచ్చింది.

"సిస్టర్, ఆయన పేరు చెప్పండి. ఊరుకోను, పైవాళ్ళకి కంప్లయింట్ ఇస్తాను. తాగి ఆస్పత్రికి రావడమేమిటి, ఆయన చెబితే మీరు వినడమేమిటి? నేను అరిచి గోల చెయ్యబట్టి సరిపోయింది. లేకపోతే నా తమ్ముడి గతేం కాను?"

సిస్టర్ తమ్ముడి చేతి మీది గొట్టానికి అతికించిన ప్లాస్టరు నొక్కుతూ తలెత్తింది.

"మీరు అరిస్తే మిషను ఖాళీ అవుతుందా అమ్మా?"

"మరి?"

"ఆయన మా స్టాఫ్ కాదు. తాగనూ లేదు. నిలబడే ఓపిక లేక అలా నడిచాడు."

కండక్టరమ్మ కిటికీలోంచి చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

"కుర్రాడు ఆగలేడు, నేను రేపటిదాకా ఎలాగో నెట్టుకొస్తానన్నాడు. ఫోన్లో డాక్టరుగారు కేకలేసినా వినలేదు," అంది సిస్టర్. "ఈ పూట ఈ మంచం మీద పడుకోవలసిన మనిషి ఆయనే."