కోలుకుంటారట

"ఏమన్నాడమ్మా పెద్ద ఇంజినీరు?" అంటూ అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని కుదిపేసింది.

కూలిన సొరంగం ముందు, ఇనుపకంచె ఇవతల, లోపల చిక్కుకున్నవాళ్ళ ఇంటివాళ్ళు ఒకరినొకరు తోసుకుంటున్నారు. పెద్ద ఇంజినీరు మైకులో ఇంగ్లీషులో రెండే ముక్కలు చెప్పి దిగిపోయాడు. ఇక రెస్క్యూ ఆపేస్తున్నామనీ, ఇప్పట్నుంచి లోపలివాళ్ళని రికవర్ చేస్తామనీ. ఆ మాటల్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పాల్సిన సహాయకుడు జనం మొహాలు చూసి, మైకు కింద పెట్టేసి ఆయన వెనకే వెళ్ళిపోయాడు.

"రికవర్ అన్నాడు! నా చెవులారా విన్నాను!" వెల్డరు భార్య కేక పెట్టింది. "మా నాన్న గుండెపోటు నుంచి బయటపడ్డప్పుడు డాక్టరు అన్నది ఇదే మాట. రికవర్ అయ్యాడమ్మా, ఇంటికి తీసుకెళ్ళు అన్నాడు. అంటే కోలుకోవడం!"

"కోలుకుంటారట!" ఆ మాట కంచె పొడుగునా పాకిపోయింది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహాలు విప్పారాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

కోడలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతుంది. ఒకేలా అనిపించే క్రియల మధ్య తేడా విడమర్చడంలో ఆమె పెట్టింది పేరు. రెస్క్యూ చేసేది ప్రాణమున్నవాళ్ళని. రికవర్ అంటే కోలుకోవడమన్నదీ నిజమే, కానీ అది రోగి తనంతట తాను చేసే పని. ఇంకొకరు రికవర్ చేసేది మునిగిపోయిన బండినీ, పోయిన గొలుసునీ. మనుషుల్ని రికవర్ చేస్తామన్నారంటే, బయటికి తీసేది శవాలనే.

లోపల డ్రిల్లింగ్ మిషను నడిపింది ఆమె భర్త.

"వాళ్ళ గోల నాకెందుకు? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు," అంది అత్తగారు.

ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. కోడలి నోట నిజం రాలేదు.

"అవునత్తయ్యా. కోలుకుంటారనే."

"నేను చెప్పలా! వాడిది మొండిప్రాణం. చిన్నప్పుడు మేడమీంచి పడి, లేచి దులుపుకుని 'అమ్మా, అన్నం పెట్టు' అన్నాడు వెధవ!" అత్తగారు పకపకా నవ్వేసింది. "ఇంకా నిలబడ్డావేంటే? ఇంటికెళ్ళి అన్నం వండు. వేడినీళ్ళు కాచి పెట్టు. ఉతికిన చొక్కా ఒకటి తీసుకురా. పరిగెత్తక్కర్లేదు, నిదానంగానే రా. ఇక్కడ నేనున్నాగా."

కోడలు తలూపి, మొహం కనబడనీయకుండా తిరిగి బస్సుల వైపు నడిచింది. సగం దారిలో గుర్తొచ్చింది, ఇంటి తాళంచెవి అత్తగారి దగ్గరే ఉండిపోయిందని. కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చింది.

అత్తగారు అందాకా నిలబడ్డచోట లేదు. కంచె చివర, ఇటు వీపు పెట్టి, కాపలావాడి రెండు చేతులూ పట్టుకుని వేడుకుంటోంది.

"ఆ మైకు కింద పెట్టేసినతని మొహం చూసే నాకర్థమైంది. నీకు పుణ్యముంటుంది బాబూ, నా కొడుకు శవాన్ని మా కోడలు తిరిగొచ్చేలోపే తీయించండి, మొహమైనా తుడిచి ఉంచుతాను... పిచ్చిది, వాడు కోలుకుంటాడనే అనుకుంటోంది."