సంగప్ప గారి ఫ్రెంచ్ డ్రెయిన్

"ఎవని ప్లాటైతే నీకేంది? పైపు గోడ అవతలికి తీయ్!" అన్నాడు సంగప్ప.

కాంట్రాక్టర్ అనిల్ గోడ మీంచి తొంగి చూశాడు. కిష్టారెడ్డిపేట లేఅవుట్‌లో ఆ చివరి వరుసకు ఉన్నవి రెండే ప్లాట్లు. ఒకదాంట్లో సంగప్ప ఇల్లు, రెండోదాంట్లో పిచ్చిమొక్కలు.

"రోడ్డు మోరీల కలిపితే మంచిగుంటది సార్. తవ్వుడుకు పర్మిషన్ తీస్కోవాలె, గంతే."

"పర్మిషన్ల కోసం తిరుగుడు నా పనా? తీయ్!"

సంగప్ప పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీకి మేనేజరు. దేవుడు తెలివంతా తనకే పోసేసి మిగతా జనాన్ని ఉత్త చేతులతో పంపాడని ఆయన గట్టి నమ్మకం. పాపం, ఆ తెలివి నల్లరేగడి మీద మాత్రం పనిచేయలేదు. వాన పడితే తోటలో నీళ్లు ఇంకేవి కావు. నిమ్మచెట్టు వేరు కుళ్లి చచ్చింది. ప్రాణంగా పెంచుకున్న మామిడి పసుపెక్కింది. అందుకే ఈ ఫ్రెంచ్ డ్రెయిన్. తోట పొడుగునా కందకం తవ్వి, బొక్కల పైపు పరిచి, చుట్టూ కంకర నింపడమే. పేరులో ఫ్రెంచి ఉంది కదా, వాకింగ్‌లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

వానలొచ్చాయి. తోట ఆరింది, మామిడి చిగురేసింది. పక్క ప్లాటు చెరువైంది. ఎవరివో బర్లు వచ్చి అందులో పడుకున్నాయి.

ఆదివారం ఒకాయన గేటు కొట్టాడు.

"సార్, పక్క ప్లాటు నాది. నా పేరు చిన్నరాములు. చిట్కుల్‌ల కిరాయికుంటున్న. ఈ శ్రావణంల ఇంటికి ముగ్గు పోద్దామనుకున్న. జెర ఆ పైపు బంద్ చేయుండ్రి."

సంగప్ప ఆయన చెప్పుల వంక ఓసారి చూశాడు.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నీది పల్లమైతే నన్నేం జేయమంటవ్? కొనేటప్పుడు కండ్లు ఏడ పెట్టుకున్నవ్?"

"కంపెనీల నైట్ డ్యూటీలు చేసి కొన్న సార్. నా ఇల్లు మునిగినట్టే గద!"

"ఇల్లేడిది? ఉన్నది గుంట. బర్లు కడుక్కో!"

లోపలినుంచి ఆయన భార్య సుమిత్ర వచ్చింది. "గవేం మాటలండి? పైపు మోరీల కలిపిద్దాం."

"నువ్వూకో. గిట్లాంటోళ్లకు సందిస్తే నెత్తికెక్కుతరు."

చిన్నరాములు నడిమి గోడ వంక చూశాడు. "అయితే సర్వే పెట్టిస్త సార్. మీ గోడ నా దాంట్లకు జరిగినట్టున్నది."

"నువ్వెందుకు? నేనే పెట్టిస్త. నీ బతుకేందో నలుగుర్ల తేలాలె!"

అన్నట్టే సర్వేయర్ నవీన్‌ను పిలిపించాడు. కాలనీవాళ్లను కూడా పిలిచి, కుర్చీలేసి చాయ్ పోయించాడు. నవీన్ వరుస అవతలి కొసన ఉన్న లేఅవుట్ పార్కు మూల దాకా వెళ్లి కొలిచాడు. వచ్చి మళ్లీ కొలిచాడు.

"నా గోడ జరిగిందా?"

"లేదు సార్. రెండు ప్లాట్ల నడుమ అంగుళం తేడా లేదు."

చిన్నరాములు తల దించుకున్నాడు. సంగప్ప మీసం దువ్వాడు. "ఇన్నవా? ఇగ పో, బకెట్ తెచ్చుకొని తోడుకో!"

"ఒక్క మాట సార్," అన్నాడు నవీన్ నసుగుతూ. "ఈ వరుసకు ప్లాటు నంబర్లు లేఅవుట్ గేటు దిక్కు నుంచి కాదు, పార్కు దిక్కు నుంచి మొదలైతయ్. మీరిద్దరు ఉల్టా పట్టుకున్నరు."

"అంటే?"

"మీరు ముంచింది మీ ప్లాటే సార్, ఇల్లు కట్టింది ఆయన దాంట్ల."