మాస్కు తీయని ప్రేక్షకుడు

"జర మాస్కు తియ్యుండ్రి అంకుల్, ముఖం కనిపిస్తలేదు."

ఫోన్ కెమెరా ఎదురుగా పట్టుకుని అడిగింది సంతోషి.

ఆ మనిషి తియ్యలేదు.

"గిట్లనే మాట్లాడుత బిడ్డా. వద్దంటే ఇడిసిపెట్టు" అన్నాడు.

ఇడిసిపెట్టే పరిస్థితిలో లేదు సంతోషి. రెండువేల ఇరవై ఒకటి డిసెంబరు. సూరత్‌లో థియేటర్లు మళ్లీ తెరుచుకుని కొన్ని నెలలే అయింది. కొత్త సూపర్ హీరో సినిమా, ఆదివారం మ్యాట్నీ, ఇంటర్వెల్.

సంతోషి సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీలో చదువుతూ, సూరత్ తెలుగువాళ్ల కోసం చిన్న యూట్యూబ్ చానెల్ నడుపుతోంది. సినిమా ఎలా ఉందో ఇంటర్వెల్‌లో జనాన్ని అడిగి సాయంత్రానికల్లా పెట్టేస్తుంది.

ఆ రోజు హిందీలో చెప్పేవాళ్లు బోలెడుమంది దొరికారు. తెలుగు మనిషి మాత్రం ఈయనొక్కడే. చాయ్ కౌంటర్ దగ్గర ఫోన్‌లో కరీంనగర్ యాసలో మాట్లాడుతుంటే విని పరుగెత్తుకొచ్చింది.

యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ లేని చొక్కా, అరిగిన చెప్పులు.

ముందు బాగానే మెచ్చుకున్నాడు. సముద్రం గోడలా లేచి నిలబడ్డప్పుడు కాళ్లు ముడుచుకుని కూర్చున్నానన్నాడు. వంతెన మీంచి జారిపోయే రైలును హీరో ఒంటిచేత్తో పట్టినప్పుడు పక్క సీటాయన చెయ్యి పట్టుకున్నానని నవ్వాడు. అలాంటి రంగులు, అలాంటి ఆకాశం ఇంతవరకు తెర మీద చూడలేదట.

సంతోషికి హుషారొచ్చింది. "అయితే సూపర్ హిట్టేనా?" అంది.



"కండ్లకు పండుగే. కానీ హీరోకేం గాదని మొదటి సీన్లనే ఎర్కైపాయె. తర్వాత ఏమైతదో అన్న రంది లేదు. రంది లేకుంటే అది కథెట్లయితది?"

అంతటితో ఆగలేదు. రైల్లో ఒక ముసలామెను ఒక్కసారి చూపించారని, ఆమె క్షేమంగా ఇల్లు చేరిందో లేదో ఇంటర్వెల్ దాకా మళ్లీ చెప్పనే లేదని అన్నాడు.

సంతోషికి చిరాకేసింది. సూపర్ హీరో సినిమాలో ముసలామె సంగతి ఎవరికి కావాలి?

"ఆమెను ఎవరు చూస్తరు అంకుల్?"

"నేను చూసిన" అన్నాడాయన.

ఇక ఈయనతో లాభం లేదనుకుంది. మీకు ఇసొంటి సినిమాలు సమజ్ కావు అని ముఖం మీదే అనేసి కెమెరా ఆపింది. ఆయనేమీ అనుకోలేదు. నిజమే కావచ్చు బిడ్డా అని, ఖాళీ చాయ్ కప్పు చెత్తడబ్బాలో వేసి లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఊరి చివర ఉన్ అనే పేటలోని తమ గదిలో మంచం మీద కూర్చుని వీడియో సరిచేయసాగింది సంతోషి. తల్లి సారక్క స్టవ్ దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది.

ఏప్రిల్‌లో సారక్క కరోనాతో పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. అప్పుడు ఇంటివాళ్లను గేటు దాటనివ్వలేదు. సంతోషి రోజూ గేటు బయట నిలబడి, లోపలి నుంచి వచ్చే ఒక్క ఫోన్ కోసం చూసేది. లోపల ఏం జరిగిందో తల్లి చెప్పలేదు, కూతురు అడగలేదు.

"ఇయాల ఒక అంకుల్ దొరికిండమ్మా. గంత పెద్ద సినిమాల ముసలామె ఇంటికి పోయిందా అని అడుగుతుండు" అని నవ్వుతూ, తీసేయబోయే ఆ ముక్కను ఒకసారి వినిపించింది.

రొట్టె తడుతున్న చప్పుడు ఆగింది.

"మళ్లొకపారి పెట్టు" అంది సారక్క.

పెట్టింది.

సారక్క పిండిచేతులతోనే వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. తెర వైపు చూడలేదు. కళ్లు మూసుకుని వింది.

స్టవ్ మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. సంతోషి లేచి మంట ఆపి వచ్చేసరికి తల్లి ఫోన్‌కు రెండు చేతులూ జోడించి ఉంది.

"ఏందమ్మా? ఆయన నీకెర్కేనా?"

"పేరడిగినవా?"

"లే."

"యాడుంటడు?"

సంతోషి తల అడ్డంగా ఊపింది. తను ఆయనతో అన్న ఆఖరి మాట గుర్తొచ్చింది.

సారక్క చెంగుతో కళ్లు తుడుచుకుంది. పిండి చెంపకంటింది.

"నేను గూడ ముఖం చూడలే బిడ్డా, గొంతే ఎర్క. పైనుంచి కిందిదాంక తెల్ల సూటు, కండ్లకు అద్దాలు. గా వార్డుల పనిచేస్తుండె. ఊపిరందక, ఇగ చాలు దేవుడా అని నేను గోడదిక్కు తిరిగి పండుకుంటే, స్టూలేసుకొని కూసుండి గంజి తాపిస్తుండె. తాపుకుంట ఒక సినిమా కథ చెప్తుండె. మంచి జాగల ఆపి, తక్కింది రేపు చెప్త, నువ్వుండాలె అక్కా అంటుండె. ఇంటికి పంపేనాడు అడిగితే వేరే వార్డుకు తోలిండ్రన్నరు. దండం గూడ పెట్టలేకపోయిన."

సంతోషి దగ్గరికొచ్చింది. తల్లి పక్కనే కింద కూర్చుని, ఆమె చెంపకంటిన పిండి తుడిచింది.

"డాక్టర్లు మందులిచ్చిండ్రు, కాదన" అంది సారక్క. "కానీ పదహారు దినాలు, ఏ దినానికాదినం, నన్ను తెల్లారిందాంక బతికించింది ఈయనే బిడ్డా."