సగం జంపఖానా

కొత్తవాడలో సరోజన ఇంటి మేడగదిలో దిగినవాళ్లు పోలండ్ పిల్లలు, అనా, క్లారా. సంచులు వీపున వేసుకుని దేశం చూస్తూ తిరుగుతున్న స్నేహితురాళ్లు. సాయంత్రం కోట చూసొచ్చి, కింద మగ్గం ముందు ఫొటోలు దిగారు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉంది.

"దాన్ని ముట్టకుండ్రి," అని సరోజన చేతులతో సైగ చేసి మరీ చెప్పింది.

అది ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసేది. కుడివైపు మొగుడు గుండయ్య, ఎడమవైపు సరోజన. పెళ్లయిన నాటి నుంచీ ఆయన తిట్లు తింటూనే నేసింది. ఆయన పోయిననాడు పక్కింటి మొగిలమ్మత్త మగ్గం చూపించి హెచ్చరించింది.

"దినాలు గాకముందే కోసెయ్ బిడ్డా. సగం పనిల పాణం కొట్టుకుంటది."

కొట్టుకోనీ అనుకుంది సరోజన. పంతానికి అలాగే వదిలేసింది.

ఆ రాత్రి పంజా చప్పుడుకు మెలకువ వచ్చింది. పోగుల్ని దిగ్గొట్టే ఆ ఇనుప దువ్వెన ఆగకుండా మోగుతోంది. పిల్లలు ఆడుతున్నారని మండిపడుతూ వెళ్లింది.

గడప దగ్గర క్లారా నిలబడి, "అనా, అనా," అని పిలుస్తోంది. అనా గుండయ్య చోట కూర్చుని తలెత్తకుండా నేస్తోంది. కుడి సగం అప్పటికే జానెడు పెరిగింది.

"ఏం జేస్తానవ్ పిల్లా? లే," అంది సరోజన.

చప్పుడు ఆగింది. నీళ్లు, చాలు అన్న మాటలు తప్ప తెలుగు రాని ఆ పిల్ల అచ్చం గుండయ్యలాగే దగ్గింది.

"నీ దిక్కు ఎన్కవడ్డది. సిగ్గు లేదానే? కూసో."

సరోజన కాళ్లు, ఎప్పటి అలవాటో, ఎడమవైపుకు నడిచాయి.