లైను ఆగినప్పటి గొంతు

భీమిలి రేవు పడవల వైర్‌లెస్ మాటలను చిన్నారావు డాబా మీది ఏంటెనాతో పట్టి, ఊళ్లో ఫోన్లన్నిటిలో ఉచితంగా వినిపించేవాడు. లైను కాసేపు ఆగితే చాలు, ఆడవాళ్లు తిట్టిపోసేవాళ్లు. ఆ తిట్లు పడలేక, అప్పటికే ఇంటింటా ఉన్న, విన్న గొంతును అనుకరించే గొంతుమరను తనూ లైనుకు తగిలించాడు. లైను తెగినప్పుడల్లా అది పడవవాళ్ల గొంతులతోనే మాటలు అల్లేది. ఫిర్యాదులు ఆగిపోయాయి.

గాలివాన రోజు లైను తెగింది. “వచ్చేత్తన్నాను, కూడొండు,” అన్న, వేటకెళ్లిన ఎర్రయ్య గొంతు విని అతని భార్య మసేనమ్మ పొయ్యి వెలిగించింది. ఫోన్లు మూగబోయి ఉంటే జనం ఒడ్డుకు పరుగెత్తేవాళ్లు. ఎవరూ వెళ్లలేదు. ఎర్రయ్య తిరిగి రాలేదు.

దినాలు అయ్యాక, ఆ మాట మర అల్లిందని తెలిసిన మసేనమ్మ డాబా ఎక్కి వచ్చింది. చిన్నారావు గొంతుమరను ఊడదీస్తున్నాడు. తిడుతుందని తల వంచుకున్నాడు.

“తియ్యకు బాబూ,” అందామె. “ఓపాలి లైను ఆపు. ఆయన మాట ఇంటాను.”