గట్టు మీద లైటు

చామంతి మొక్కలు మోకాళ్ళు దాటి నడుం దాకా వచ్చాయి. ఆకు చూస్తే నూనె రాసినట్టు నిగనిగ. మొగ్గ మాత్రం ఒక్కటి లేదు.

పెద్దకోడలు కొమ్మ కొమ్మా వంచి, తలలో పేలు చూసినట్టు చూసింది. గట్టుకి అవతల మరిది చేను పసుపు ఆరబోసినట్టు విరగబూసి ఉంది. అదే నారు. అదే బావి నీళ్ళు.

"ఏం పాపం చేశానే మీకు?" అంది మొక్కలతో. నిరుడూ ఇంతే.

మొగుడున్నప్పుడు ఈ చెక్కలో వంగ, బెండ వేసేవాళ్ళు. ఒక వేకువన చీకట్లో మోటారు వేయడానికి వచ్చి, పామును తొక్కి, ఆయన ఈ గట్టు మీదే ఒరిగిపోయాడు. ఆ తర్వాత ప్రతివాడూ అమ్మెయ్యమన్నవాడే. టౌను ఇటే పాక్కుంటూ వస్తోంది మరి. రోడ్డు వెడల్పు చేసి వరసగా లైటు స్తంభాలు దింపారు. పెట్రోలు బంకు వచ్చింది. దాని పక్కన ఫంక్షన్ హాలు. అందులో ఏదైనా వేడుక ఉంటే చాలు, ఆకాశాన్ని చీపురుతో ఊడుస్తున్నట్టు ఒక లైటు అటూ ఇటూ తిరుగుతుంది. పొద్దు గూకాక అటు చూస్తే మబ్బులకు కూడా జ్వరం వచ్చినట్టుంటుంది. చుక్కలు ఎటు పోయాయో అడిగిన నాథుడు లేడు.

ఆమె అమ్మనంది. అమ్మితే అన్నగారింట్లో గిన్నెలు తోముకుంటూ బతకాలి. తన కాళ్ళ కింద తనదంటూ ఉన్నది ఆ చెక్క ఒక్కటే.

అప్పుడు ఆమె పక్కన నిలబడ్డవాడు మరిది.

"కూరగాయలైతే బుట్టలు మొయ్యాలి, ఒంటిదానివి. చామంతి వెయ్యి వదినా. నారు నేనిస్తా" అన్నాడు.

చుట్టుపక్కల పూలసాగు తెలిసినవాడు అతనొక్కడే. పెళ్ళికి ముందు ఎక్కడో పూలతోటల్లో కూలి చేసి నేర్చుకొచ్చిన పని.

అంతటితో ఆగాడా? గట్టు మీద ఇనప స్తంభం పాతించి, ఫంక్షన్ హాలు లైటుకి తమ్ముడిలాంటిది ఒకటి బిగించాడు.

"అన్నను మింగిన చీకటి నీ జోలికి రాకూడదు వదినా. పొద్దు గూకింది మొదలు తెల్లారేదాకా ఇది వెలగాల్సిందే. ఆర్పావంటే నా మీద ఒట్టే!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ వెలుగులో సాళ్ళ మధ్య చీమ నడిచినా కనబడేది.

లైటుకి తన చేను వైపు మాత్రం రేకు అడ్డం కట్టుకున్నాడు. అతని ఇల్లు ఆ చేను చివరే. "కళ్ళలో పొడిచినట్టుంటే నిద్ర పట్టదు వదినా" అన్నాడు. నిద్ర దగ్గర అతను మహా మొండి. బంకు లైటు తన వైపు పడుతోందని ఆ ఓనరుతో చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళి, దాని మెడ విరిచి రోడ్డు వైపు తిప్పించాడు.

"మీ మరిదికి వెలుగంటే అంత మంట ఏంటమ్మా, గుడ్లగూబల వంశమా?" అన్నాడు బంకు ఓనరు, ఆమె దారిలో కనబడితే.

"ఏమో బాబూ, నాకు మాత్రం గట్టు మీద చందమామనే పెట్టిచ్చాడు. అమావాస్య లేని చందమామ" అందామె గొప్పగా.

మొగ్గ రాకపోయేసరికి ఆమెకన్నా ఎక్కువ పరుగులు పెట్టిందీ మరిదే. ఎరువు తెచ్చాడు. మందు కొట్టాడు. వ్యవసాయాఫీసరును బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆఫీసరు మిట్టమధ్యాహ్నం ఎండలో మన్ను నలిపి, ఆకు తిప్పి చూసి, "రోగం లేదు, పురుగు లేదు. మొక్క బ్రహ్మాండంగా ఉందమ్మా" అని చేతులు దులుపుకున్నాడు.

ఆ బ్రహ్మాండాన్ని ఏ అంగట్లో అమ్మాలో చెప్పలేదు.

రెండో ఏడు పెట్టుబడికి చెవుల కమ్మలు కూడా పోయాయి. మళ్ళీ వంగ వేద్దామన్నా విత్తనాలకి దిక్కు లేదు. ఆమె గట్టు మీద కూలబడింది. మరిది వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈ నేల నీకు అచ్చిరాలేదు వదినా. బయటివాళ్ళకిస్తే ప్లాట్లు కొడతారు. అన్న ఊపిరి పోయిన చోటు. నేనే తీసుకుంటా. పూలు కోసే పని నీకెప్పుడూ ఉంటుంది. పరాయిదానివా ఏంటి?"

ఈ రోజుల్లో ఇంత మాట అనే మరిది ఎవరికి దొరుకుతాడు? ఆమె సంతకం పెట్టేసింది.

ఆ సాయంత్రమే, మోటారు కొట్టంలో ఉండిపోయిన పార, కొడవలి తెచ్చుకుందామని చేలోకి వెళ్ళింది. మరిది స్తంభానికి నిచ్చెన వేసుకుని లైటు విప్పుతున్నాడు. తోడికోడలు కింద నిచ్చెన పట్టుకుని ఉంది.

పెద్దకోడలు గబగబా నిచ్చెన దగ్గరికి వెళ్ళింది. మొగుడు పడిపోయిన చోటు సరిగ్గా ఆ నిచ్చెన పక్కనే.

"తియ్యకు నాయనా! రేపట్నుంచి చీకట్లో తిరగాల్సింది నువ్వేగా. మీ అన్న సంగతి మర్చిపోయావా? నా మాట విని ఉండనీ."

నిచ్చెన మీద మరిది చెయ్యి ఆగిపోయింది. తల మాత్రం ఇటు తిప్పలేదు.

తోడికోడలికి ఏ మాట ఎక్కడ అనకూడదో మొదట్నుంచీ తెలియదు. పకపకా నవ్వేసింది.

"తియ్యకపోతే ఎలా అక్కా, రాత్రి చీకటి పడందే చామంతి మొగ్గ తొడగదని మా పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు ఈయన!"