ఊఁ కొట్టే తాత

నురగ రాక్షసి రాజును మింగేసింది. సేనాపతి గుర్రమెక్కి పారిపోయాడు. ఇక రాజ్యంలో మిగిలింది ముగ్గురే. గిన్నెలు తోమే అవ్వ, ఒక కుంటి కప్ప, హాజరు పిలిచేటప్పుడు టీచరు మరిచిపోయే పిల్ల.

శ్రీజ అక్కడ ఆపి తలెత్తింది. పక్క బాల్కనీలో తాత "ఊఁ" అన్నాడు.

పదేళ్ల శ్రీజ ఆ కథను తనే రాస్తోంది. బెంగళూరులో నురగలు కక్కే వర్తూరు చెరువు అడుగున జరిగే కథ. బడిలో వినిపించడానికి ఎవరూ లేరు. కొత్త బడి. మధ్యాహ్నం డబ్బా కూడా ఒక్కతే తింటుంది. అమ్మ లావణ్యకు చెప్పబోతే, కాల్‌లో ఉన్నాను, తర్వాత విందాం అంటుంది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఈ అపార్ట్‌మెంటుకు వచ్చి మూడు నెలలైనా పక్కింటివాళ్ల పేర్లు కూడా తెలియవు.

తాత కూడా ఒంటరివాడే. ఆయన ఇంటికి ఎవరూ వచ్చినట్టు కనబడదు. సాయంత్రం నాలుగింటికి బాల్కనీలో కుర్చీ వేసుకునేవాడు. రెండు బాల్కనీల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. శ్రీజ చదువుతున్నంతసేపూ ఆమె ముఖం మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఆమె కప్పలా గెంతితే నవ్వేవాడు. రాక్షసిలా చేతులు చాపితే కళ్లు పెద్దవి చేసేవాడు. ఆగితే ఊఁ అనేవాడు. ఒకసారి పేరడిగితే దానికీ ఊఁ అన్నాడు. శ్రీజ పడీపడీ నవ్వింది.

శుక్రవారం చివరి అధ్యాయం. బడి నుంచి రాగానే శ్రీజ నోట్‌బుక్ తీసి బాల్కనీ కుర్చీలో పెట్టింది. చేతులు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్లింది. లోపల వేసిన గడియ బిగుసుకుపోయి మళ్లీ రాలేదు.

లాగింది. తన్నింది. గొంతు చించుకుని అరిచింది. ఎదురుగా కడుతున్న బిల్డింగులో డ్రిల్లింగ్ మోత. అమ్మ ఏడింటికి గాని ఆఫీసు నుంచి రాదు. అరిచీ అరిచీ ఆయాసం మొదలైంది. ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్ బయట బ్యాగులో ఉంది. కాసేపటికి అరవడానికి ఊపిరి చాలలేదు. గోడకు చేరగిలబడింది. ఆ ముగ్గురూ ఏం చేశారో ఇక ఎవరికీ తెలియదు అనుకుంది.

తలుపు విరిగింది. ఎదురుగా వాచ్‌మన్ మారప్ప. అతని వెనకే తాత. బాల్కనీ గోడ దూకి వచ్చి వీధి తలుపు తీసిన ఆయన మోకాలు చీరుకుపోయి ఉంది. శ్రీజ వేలితో బ్యాగు వైపు చూపించింది. ఆయన అందులోంచి ఇన్‌హేలర్ తీసి నోటికి అందించాడు.

మారప్ప ఫోన్ చేస్తే లావణ్య పరుగున వచ్చింది. కూతురిని గుండెలకు అదుముకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత తాత రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరికీ వినపడని మా పాప కేక మీ ఒక్కరికే వినపడింది అంకుల్."

తాత నవ్వి ఊఁ అన్నాడు. శ్రీజ నోట్‌బుక్ తెచ్చుకుని ఆయన ఎదుట కూర్చుంది. చివరి అధ్యాయం మొదలుపెట్టింది.

మారప్ప లావణ్యను పక్కకు పిలిచి, పాపకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"పుస్తకం ఉండాది, పాప లేదని నన్ను చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చినాడు గానీ మేడమ్, ఆయప్పకి పన్నెండేండ్ల నుంచి ఒక్క మాటా వినపడదు."